డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

ఆంధ్రదేశమున జన్మించి, ఖండాంతరమున విద్యాతపస్సు చేసి, కోట్ల జనులకు ఆరోగ్యదానము చేసియు స్వజనులకే చిరకాలము అపరిచితులుగా నుండిపోయిన మహనీయులలో డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు అగ్రగణ్యులు.

వీరు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. బాల్యమున వీరికి చదువుపై మనసు నిలువలేదు. కాశీకేగి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు వీడగా, పట్టి తెచ్చి మరల బడికి పంపిరి. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు మారులు తప్పి మూడవమారు కృతార్థులైరి. సోదరులిరువురు గ్రహణివ్యాధిచే స్వల్పకాలములో మరణించుట వీరి హృదయమున చెరగని గాయమయ్యెను.

మద్రాసు వైద్యకళాశాలలో స్వదేశీవ్రతముతో ఖద్దరు ధరించి శస్త్రచికిత్సకు నిలుచుటచే ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.యస్. పట్టమునకు మారుగా తక్కువదియగు ఎల్.ఎం.యస్. పట్టముతో సరిపెట్టుకొనవలసివచ్చెను. పిదప మామగారి సాయముతోను, కాకినాడలోని ధర్మసంస్థ విరాళముతోను, అర్ధాంగి శేషగిరిగారిని స్వదేశమున విడిచి అమెరికాకేగిరి.

హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కె అను ఆచార్యునితో కలసి 1925లో వీరు ప్రకటించిన పద్ధతి మిక్కిలి ఘనమైనది. రక్తమునందును మూత్రమునందును గల భాస్వరము కంటికి కానరాదు. దానికి మాలిబ్డినము చేరిన ఆమ్లమును, వేరొక ద్రవ్యమును కలిపినచో నీలివర్ణము పుట్టును. నీలిమ ఎంత గాఢమో భాస్వరమంత అధికము. కంటికందని దానిని రంగుచే కొలుచు ఈ ఉపాయముతోనే వారు కండరమునందలి ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొనిరి. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు, అనగా ఏ.టి.పి., వీరికిని, జర్మనీలోని లోమన్ పండితునికిని వేర్వేరుగా దొరకెను. జీవకణములో శక్తి వ్యవహారమంతయు ఈ నాణెముతోనే నడచును.

మిణుగురు కాంతికి ఈ నాణెమే ఆధారమని మెక్‌ఎల్రాయ్ 1947లో నిరూపించెను. నాటినుండి మిణుగురు ద్రవ్యము కణమునందలి ఏ.టి.పి.ని కొలుచు సాధనమయ్యెను. సముద్రపు జెల్లీచేప వెలుగు మాత్రము వేరు. దానికి కాల్షియము సోకిన చాలును. ఆ జీవినుండి షిమోమురా 1962లో ప్రకటించిన ప్రకాశ ప్రోటీన్లలో పచ్చనిది, 1994 తరువాత, కణములోని ఇతర ప్రోటీన్లకు దీపమువలె తగిలింపబడి వాని రాకపోకలను చూపుచున్నది. నీలివర్ణముతో సుబ్బారావుగారు సాధించినదియు, పచ్చని కాంతితో నేటివారు సాధించుచున్నదియు ఒకే కోవకు చెందిన పని: అదృశ్యమును దృశ్యము చేయుట.

ఇంతటివారికి హార్వర్డులో స్థిరమైన పదవి లభింపలేదు. 1940లో లెడర్లీ ఔషధశాలలో చేరి, వీరు పరిశోధకులకు నాయకత్వము వహించిరి. 1945లో ఫోలిక్ ఆమ్లపు కృత్రిమ నిర్మాణము వెలువడెను. దానికి ప్రతికూలమైన అమినోప్టెరిన్, రక్తపుపుట్టతో తపించు పసిబిడ్డలకు తొలిసారి తాత్కాలికోపశమనము నొసగెను. దానికి తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలోనున్నది. బోదకాలునకు కారణమగు క్రిములపై ప్రయోగించు హెట్రజాను, డగ్గర్ కనుగొనిన ఆరియోమైసిను ఆ శాలనుండియే వచ్చినవి.

1948 ఆగస్టులో, 53వ ఏట, నిద్రలోనే ప్రాణము విడిచిరి. స్వదేశమునకు మరలి రాలేదు. కొలది సంవత్సరములలో వచ్చునని ఎదురుచూచిన శేషగిరిగారు భర్తను మరల చూడనేలేదు. ఆయన లోకమునకిచ్చిన ఔషధముల పద్దులో ఆ సాధ్వి చెల్లించిన మూల్యము ఏ పుటలోను వ్రాయబడలేదు; వ్రాయకున్నంత మాత్రమున అది తీరిన ఋణము కాదు.

భారత ప్రభుత్వము 1995లో వీరి పేర తపాలాబిళ్ల వెలువరించినది. పరీక్ష తప్పి తలవంచుకొన్న బాలుడెవడైన జల్‌పల్లి గ్రంథాలయపు గడప తొక్కినచో, అతని చేతికి ముందుగా అందవలసిన చరిత్ర ఇదియే.