రాజులకు రాజైన వాని సేవకుడు – జాన్ బన్యన్ గారి జీవితము



మన సంఘాలలోని పెద్దల ఇండ్లలో పరిశుద్ధ గ్రంథము ప్రక్కన ‘యాత్రికుని ప్రయాణము’ ఉండుట మనలో అనేకులము చూచినదే. ఆ పుస్తకము తెలిసినంతగా దానిని వ్రాసిన జాన్ బన్యన్ గారి జీవితము మనకు తెలియదు. యేసు రాజు అని ఆదివారము పాడుట సులువు. సోమవారము ఆ రాజు క్రింద ఎట్లు బ్రదుకవలెను? ఈ ప్రశ్నకు బన్యన్ గారు చెరసాలలో పన్నెండేండ్లు ఉండి జవాబు చెప్పారు.

మాట్లు వేసే ఇంటివాడు

ఆయన 1628లో ఇంగ్లండు దేశములో బెడ్‌ఫర్డు పట్టణమునకు దగ్గరనున్న ఎల్‌స్టో గ్రామములో జన్మించారు. తండ్రి చిల్లులు పడిన గిన్నెలకు, బిందెలకు మాట్లు వేసి బ్రదికేవారు. కుమారుడు కూడ ఆ పనే నేర్చుకున్నారు. చదువు కొద్దిపాటిదే. ఆ దినాలలో రాజైన మొదటి చార్లెస్‌కును పార్లమెంటుకును యుద్ధము జరుగుచుండెను. పదునారేండ్ల వయస్సులో, 1644లో, బన్యన్ గారు పార్లమెంటు సైన్యములో చేరి 1647 వరకు ఉన్నారు. 1649లో ఆ రాజుకు శిరచ్ఛేదము జరిగింది. లోకములో సింహాసనాలు ఎంత త్వరగా కూలునో ఆయన తన యౌవనములోనే చూచారు.

అయితే ఆయన హృదయములోని సింహాసనము ఇంకను ప్రభువుది కాలేదు. ఒట్లు పెట్టుటలోను, ఆటపాటలలోను కాలము గడిపేవారు. ఆయన వివాహము చేసుకున్న పేద స్త్రీ పుట్టింటి నుండి తెచ్చిన ఆస్తి రెండు భక్తి పుస్తకాలు. వాటిని చదువగా మనస్సులో కలవరము మొదలైంది. ఒకనాడు పనిమీద బెడ్‌ఫర్డు వీధిలో వెళ్తుండగా, ఇంటి గుమ్మము దగ్గర ఎండలో కూర్చున్న కొందరు పేద స్త్రీలు, దేవుడు తమ హృదయాలలో చేసిన కార్యమును గూర్చి మాటలాడుకొనుట విన్నారు. తనకు లేనిది వారికి ఉన్నదని గ్రహించారు. వారి ద్వారా కాపరి జాన్ గిఫర్డు గారి సంఘమునకు వచ్చి, అనేక సంవత్సరాల అంతరంగ పోరాటము తరువాత సమాధానము పొందారు. కొద్దికాలములోనే వాక్యము బోధించుట ప్రారంభించారు.

తప్పించుకొనగలిగియు తప్పించుకొనలేదు

1660లో రెండవ చార్లెస్ రాజుగా తిరిగి వచ్చాడు. ప్రభుత్వ సంఘమునకు వెలుపల కూడికలు జరిపేవారిమీద పాత చట్టాలను మరల ప్రయోగించారు. ఆ సంవత్సరము నవంబరు 12న లోయర్ సామ్‌సెల్ అనే పల్లెలో బన్యన్ గారు వాక్యము చెప్పవలసి యుండెను. వారెంటు వచ్చిందని ముందే తెలిసింది. స్నేహితులు వెళ్లిపొమ్మన్నారు. ఆయన కొంతసేపు పొలములో పచారు చేస్తూ ఆలోచించారు. తాను పారిపోతే క్రొత్తగా విశ్వసించినవారు ఏమైపోతారు? కూడిక ప్రారంభించారు, అక్కడనే పట్టుబడ్డారు.

1661 జనవరిలో తీర్పు వచ్చింది. మూడు నెలలు చెరసాల. అప్పటికిని లోబడకపోతే దేశ బహిష్కరణ. అనుమతి లేక తిరిగి వస్తే ఉరి. ఇక బోధించనని మాట ఇస్తే ఇంటికి పోవచ్చు. ఆయన ఆ మాట ఇవ్వలేదు. దేశ బహిష్కరణ జరుగలేదు గాని, మూడు నెలలు పన్నెండు సంవత్సరాలయ్యాయి.

ఖడ్గమును కాదు, మౌనమును కాదు

ఆ జనవరిలోనే లండనులో ఇంకొక సంగతి జరిగింది. థామస్ వెన్నర్ అనే అతడు సుమారు యాభైమందితో ఆయుధాలు పట్టి, యేసే రాజని చెప్పి తిరుగుబాటు చేశాడు. కొద్ది దినాలలో అది అణచివేయబడింది. వెన్నర్‌కు మరణశిక్ష పడింది. అప్పటినుండి బాప్తిస్టులు మొదలైనవారి కూడికలన్నియు అనుమానమునకు గురి అయ్యాయి. ఏప్రిలులో ఒక న్యాయస్థానపు అధికారి చెరసాలకు వచ్చి బన్యన్ గారితో ఈ విషయమే ఎత్తారు. తాను అట్టి క్రియను అసహ్యించుకుంటున్నానని, రాజుకు నమ్మకమైన ప్రజగా నడుచుకొనుట తన ధర్మమని ఆయన చెప్పారు. అయినను దేవుడిచ్చిన బోధ మానుట తన చేతిలో లేదన్నారు.

ప్రియులారా, ఇక్కడ మనము కొంచెము ఆగవలెను. ఒకప్పుడు ఆయుధము పట్టిన మనిషి ఇప్పుడు ప్రభువు పేరట ఆయుధము ముట్టలేదు. అట్లని నోరు మూసుకొనను లేదు. లోబడగలిగినంతవరకు లోబడి, లోబడలేనిచోట శిక్షను శిరసావహించారు. ఇది రోమా 13వ అధ్యాయమును, అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయమును కలిపి పాటించిన జీవితము.

ఇంటివారు మోసిన సిలువ

ఈ తీర్మానమునకు వెల ఆయన ఒక్కరే చెల్లించలేదు. మొదటి భార్య 1658లో మరణించగా, మరుసటి సంవత్సరము ఎలిజబెత్ గారిని వివాహము చేసుకున్నారు. మొదటి భార్య బిడ్డలు నలుగురు. పెద్దది మేరీ పుట్టు గ్రుడ్డిది. భర్త అరెస్టయ్యాడన్న వార్తకు, గర్భవతియైన ఎలిజబెత్ గారికి అకాల ప్రసవమై బిడ్డ చనిపోయింది. అయినను ఆమె 1661 ఆగస్టులో న్యాయాధిపతుల ఎదుట నిలిచి, సిగ్గుపడుచునే ధైర్యముగా భర్త కొరకు వాదించింది. మాథ్యూ హేల్ అనే న్యాయాధిపతి జాలిపడ్డారు గాని విడిపించలేకపోయారు.

చెరలో బన్యన్ గారు లేసులకు మొనలు బిగించి, వాటిని అమ్మించి ఇంటికి సహాయము చేశారు. గ్రుడ్డి బిడ్డను తలచుకొన్నప్పుడు ఆయన మనస్సు విరిగిపోయేది. తన ఇంటిని తానే కూల్చుకుంటున్నానేమో అని నలిగిపోయారు. విశ్వాసవీరులకు నొప్పి ఉండదని ఎవరును తలంచవద్దు. ఆయన వారిని దేవునికి అప్పగించారు. అప్పగించిన తరువాత కూడ ఏడ్చారు.

మానవాత్మ అనే పట్టణము

1672లో రాజు ఇచ్చిన ప్రకటనవలన ఆయన విడుదలయ్యారు. ఆ సంవత్సరారంభములోనే బెడ్‌ఫర్డు సంఘము ఆయనను కాపరిగా ఎన్నుకొనెను. తరువాత మరల కొన్ని నెలలు చెరలో ఉన్నారు. 1678లో ‘యాత్రికుని ప్రయాణము’ అచ్చయింది. 1682లో ఆయన పరిశుద్ధ యుద్ధమును గూర్చిన మరియొక గ్రంథము ప్రకటించారు. అందులో మానవాత్మ ఒక పట్టణము. చెవి, కన్ను, నోరు, ముక్కు, స్పర్శ దాని అయిదు గుమ్మాలు. శత్రువు ఆ పట్టణమును వశపరచుకొనగా, రాజకుమారుడైన ఇమ్మానుయేలు వచ్చి దానిని జయించును. అయితే కథ అక్కడ ముగియదు. విడుదల పొందిన పట్టణమే చల్లబడి రాజకుమారుని నిర్లక్ష్యము చేయును, ఆయన వెళ్లిపోవును, శత్రువు మరల చుట్టుముట్టును. రాజుల చెరలో అన్నేండ్లున్న మనిషి, అతి ప్రమాదకరమైన తిరుగుబాటు తన హృదయములోనే జరుగునని వ్రాశారు.

1688లో ఒక తండ్రి తన కుమారునిపై కోపముగా ఉండగా, వారిని సమాధానపరచుటకు ఆయన గుర్రముపై రీడింగు పట్టణమునకు వెళ్లారు. ఆ పని నెరవేరింది. లండనుకు వచ్చు త్రోవలో వర్షమునకు తడిసి జ్వరము తగిలి, ఆగస్టు 31న ప్రభువునందు నిద్రించారు. మరుసటి సంవత్సరము, 1689లో, అట్టి కూడికలకు చట్టము అనుమతి ఇచ్చింది. దానిని ఆయన చూడలేదు.

మనము కర్నాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాములలో స్థిరపడినవారము. ఉన్నచోట చట్టమును గౌరవించుదము, పన్ను చెల్లించుదము, అధికారుల కొరకు ప్రార్థించుదము. కాని మన ఇంటిలో కోపము, లంచము, కులగర్వము ఏలుచుండగా యేసు రాజని పాడుట ఎట్లు? మన అయిదు గుమ్మాలలో ఏది శత్రువునకు తెరచియున్నదో ఈ వారము ఒక్కొక్కరము పరిశీలించుకొందము. ఎవరితోనైన తెగిన బంధముంటే, బన్యన్ గారి చివరి ప్రయాణము జ్ఞాపకము చేసుకొని మనమే ముందుగా బయలుదేరుదము.

రాజులకు రాజైన ప్రభువు మనకు అట్టి కృప దయచేయును గాక. ఆమేన్.