వంజరం పేరు రాసుకున్న డాక్టరు

మన ఇబ్రహీంపట్నంలో చేపంటే చెరువు చేపే: రవ్వ, బొచ్చె, కొర్రమట్ట. వంజరం మాత్రం ఐసులో ఇంత దూరం ప్రయాణం చేసి వస్తుంది. రేటు చూసి మనం మళ్లీ చికెన్ వైపు వెళ్లిపోతాం, అది వేరే విషయం. ఆ వంజరాన్ని రెండు వందల ఏళ్ల కిందట పుస్తకంలోకి ఎక్కించిన డాక్టరు ఒకాయన ఉన్నాడు.

పాట్రిక్ రసెల్ 1727లో ఎడిన్‌బరోలో పుట్టాడు. అక్కడే వైద్యం చదివి, 1750లో సిరియాలోని అలెప్పోకి వెళ్లాడు. సవతి అన్న అలెగ్జాండర్ అక్కడి ఇంగ్లీషు వర్తకులకి డాక్టరు. తర్వాత ఆ ఉద్యోగం ఇతనికే వచ్చింది. 1760 నుంచి 1762 దాకా ఆ ఊళ్లో ప్లేగు. పారిపోకుండా అక్కడే ఉండి, చూసింది చూసినట్టు రాసి పెట్టుకున్నాడు. ఆ రాతలే 1791లో ప్లేగు మీద పెద్ద పుస్తకం అయ్యాయి.

1781లో తమ్ముడు క్లాడ్‌కి ఈస్టిండియా కంపెనీ విశాఖపట్నంలో పెద్ద ఉద్యోగం ఇస్తే, తోడుగా ఇతనూ బయల్దేరాడు. అప్పటికి యాభై దాటేశాయి. ఆ వయసులో మనవాళ్లు రిటైర్మెంట్ లెక్కలు వేసుకుంటారు. ఇతను మొక్కలు, పాములు, చేపలు మొదలుపెట్టాడు! 1785లో కంపెనీ వృక్షశాస్త్రవేత్త కూడా అయ్యాడు. ఏ పాము విషపుదో తేల్చడానికి కుక్కల మీద, కోళ్ల మీద ప్రయోగాలు చేశాడు. చదవడానికి కష్టంగానే ఉంటుంది.

నాకు నచ్చింది చేపల పని. విశాఖ తీరంలో దొరికిన చేపలకి స్థానిక చిత్రకారుడితో బొమ్మలు వేయించి, ఒక్కోదాన్ని వర్ణించి, పక్కన ఇక్కడివాళ్లు పిలిచే పేరే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. ఒకటి కోనాం. ఇంకొకటి వింగెరం, పైకి చదివితే వంజరమే వినిపిస్తుంది. ఇవి రెండూ టూనాకి దాయాదులు. టూనాని మన తీరంలో సూర అంటారు. అన్నీ సముద్రంలో పైనీళ్లలో వేగంగా ఈదుతూ చిన్న చేపల్ని తరిమి తినే రకం. అందుకే పడవ నడుస్తుండగానే వెనక తాడుకి గాలం కట్టి లాగుతారు. ఎర కదులుతున్నంతసేపే చేపకి అది బతికున్నట్టు కనిపిస్తుంది.

రెండు వందల చేపల ఆ పుస్తకం రెండు భాగాలుగా 1803లో లండన్‌లో వచ్చింది. కువియె లాంటి శాస్త్రవేత్తలు తర్వాత దాన్ని చూసి కొన్ని చేపలకి లాటిన్ పేర్లు పెట్టారు. మన భాషలో చెప్పాలంటే అదొక డేటాసెట్, లేబుల్స్ ఇచ్చింది విశాఖ జనం. మొదటి పేజీలో మాత్రం రసెల్ పేరొక్కటే ఉంటుంది. బొమ్మలేసినవాడి పేరు లేదు, తెప్ప మీద వెళ్లి చేప తెచ్చినవాళ్ల పేర్లూ లేవు. చేప పేరు అడిగినంత ఓపిగ్గా మనిషి పేరు కూడా అడిగి ఉంటే ఏం పోయేది?

1805 జులై 2న లండన్‌లో చనిపోయాడు. పెళ్లి చేసుకోలేదు. ఇప్పుడు లోకానికి అతను ఎక్కువగా గుర్తుండేది ఒక పాము వల్ల. మన రక్తపింజరని ఇంగ్లీషులో రసెల్స్ వైపర్ అంటారు. దానికి అతను విని రాసుకున్న తెలుగు పేరు కాటుక రేకుల పొడ.