ఆనందరంగ పిళ్ళై దినచర్య

మీ ఇంట్లో పాత పద్దుల పుస్తకం చిరిగిపోయిందనుకోండి. మీరు దాన్ని కొత్త పుస్తకంలోకి ఎత్తి రాస్తారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి సరిచూడకముందే పాతదాన్ని పారవేస్తే ఏమవుతుంది? దాటిపోయిన పద్దు ఇక దొరకదు. పుదుచ్చేరిలో ఒక వర్తకుడు రాసుకున్న పుస్తకాలకు ఇలాంటి గండమే వచ్చింది. ఆ వర్తకుని జీవితాన్ని ఈ పాఠంలో చదువుదాం.

ఆనందరంగ పిళ్ళై 1709లో చెన్నపట్నం దగ్గర పెరంబూరులో జన్మించారు. తండ్రి తిరువేంగడం పిళ్ళై. మేనమామ నైనియ పిళ్ళై పుదుచ్చేరిలో ఫ్రెంచి కంపెనీకి ప్రధాన దుబాసీ. దుబాసీ అంటే రెండు భాషల మధ్య మాటలు నడిపే మనిషి. కంపెనీకి సరుకు కుదిర్చేదీ, స్థానికులతో వ్యవహారం నడిపేదీ కూడా ఆయనే. ఈ పదవిలో లాభం ఎంతో, ప్రమాదమూ అంతే. నైనియ పిళ్ళై 1717లో కారాగారంలోనే మరణించారు.

ఆనందరంగ పిళ్ళై మొదట పరంగిపేటలో కంపెనీ వ్యవహారాలు చూశారు. 1742లో డూప్లే గవర్నరుగా వచ్చాక ఆయనకు సన్నిహితులయ్యారు. 1747లో ప్రధాన దుబాసీ అయ్యారు. తెలుగువారికి ఆయన మరో విధంగా తెలుసు. కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథం 'ఆనందరంగరాట్ఛందము'ను ఆయనకే అంకితం చేశాడు.

అయితే ఆయన పేరు నిలిచింది పదవి వల్ల కాదు. 1736 సెప్టెంబరు నుండి ఆయన దినచర్య రాయసాగారు. వర్తకులు రోజువారీ లెక్కలను చిట్టాలో రాసి, తరువాత ఆవర్జాలోకి ఎక్కిస్తారు కదా! ఆ అలవాటే ఇక్కడా కనిపిస్తుంది. ఏ ఓడ వచ్చింది, ఏ సరుకు దిగింది, గవర్నరు ఏమన్నాడు, ఊరిలో ఏం వింటున్నారు అన్నీ తమిళంలో రాసుకున్నారు. 1748లో ఆంగ్లేయులు పట్టణాన్ని ముట్టడించిన కాలంలోనే ఫ్రెంచివారు వేదపురీశ్వరుని గుడి పడగొట్టించారు. తన యజమానులు చేసిన ఆ పనిని కూడా ఆయన వదలలేదు.

1754లో డూప్లే ఫ్రాన్సుకు తిరిగి వెళ్లిపోయాడు. 1756లో పిళ్ళై పదవి పోయింది. 1761 జనవరిలో పుదుచ్చేరి ఆంగ్లేయుల వశమైంది. ఆయన మరణించింది కూడా ఆ నెలలోనే. దినచర్య పుస్తకాలు వారసుల ఇంట్లో ఉండిపోయాయి. కాగితానికి చెదలు, తేమ శత్రువులు. పుదుచ్చేరి సముద్రపు ఊరు. ఆ పుస్తకాలు దాదాపు 85 ఏళ్లు అలా ఉండటమే ఆశ్చర్యం.

1846లో అర్మాన్ గల్వా-మోంబ్రన్ వాటిని చూసి ప్రతి రాయించాడు. కొద్ది ఏళ్లకే ఎదువార్ ఆరియెల్ మరో ప్రతి తయారు చేయించాడు. అది పారిస్‌లోని జాతీయ గ్రంథాలయానికి చేరింది. తరువాత మద్రాసు ప్రభుత్వం కూడా ప్రతి తీయించి, 1904 నుండి 1928 వరకు 12 సంపుటాల ఇంగ్లీషు అనువాదం ప్రచురించింది.

ఒక్క మాట గమనించండి. ప్రతి నుండి ప్రతి తీస్తే, మొదటి రాతగాడు దాటవేసిన పంక్తి రెండవదానిలోనూ ఉండదు. అందుకే మూలం దొరికిన చోట దానితో సరిచూడాలి. నేడు కంప్యూటరులో నలుగురూ వాడుకునే ఒక పట్టిక నుండి మరో పట్టికకు వివరాలు మార్చేవారిదీ ఇదే పద్ధతి. ముందు నకలు తీస్తారు. ఎన్ని పోయాయో, ఎన్ని చేరాయో లెక్క చూస్తారు. ఆ మధ్యలో ఇంకొకరు పాత పట్టికలో చెయ్యి పెట్టకుండా ఆపుతారు. లెక్క సరిపోయాకే పాతవి తొలగిస్తారు. మధ్యలో ఏదైనా తప్పితే అంతా మొదటి స్థితికి తెస్తారు.

పిళ్ళై మూల పుస్తకాలలో కొన్ని తరువాత కనిపించలేదు. ఆ భాగాలకు ప్రతులే ఆధారం. మరికొన్ని రోజుల రాతలు ఏ ప్రతిలోనూ లేవు. అనువాద సంపుటాలలో ఆ తేదీల చోట ఖాళీలే కనిపిస్తాయి.