రంగులను గీతలలో పట్టిన జాన్ జోలీ

విద్యార్థులారా! మా ఇంట్లో ఒక పాత ఛాయాచిత్రం ఉన్నది. అరచేతి కంటే చిన్నది. అందులో ఉన్నవారు మా ముత్తాతగారు. కోరంగి వైపు నుండి ఓడనెక్కి మన మారిషస్ ద్వీపానికి వచ్చి, చెరకు తోటలో కూలిపని చేసిన మనిషి. ముచ్చటపడి తీయించుకొన్న చిత్రం కాదది. ఒప్పందం ముగిసిన కూలీలు తమ ఛాయాచిత్రం అంటించిన చీటీని ఎల్లప్పుడూ వెంట ఉంచుకోవాలని 1867లో ఇక్కడి ప్రభుత్వం శాసనం చేసింది. అటువంటి చిత్రాలు వేలకొలదిగా నేటికీ మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. మీ పూర్వుల ముఖాలు కూడా వాటిలో ఉండవచ్చును.

మా చిత్రంలో ముత్తాతగారి తలపాగా నల్లగా కనిపిస్తుంది. అది ఎర్రనిదని మా తాతగారు చెప్పేవారు. కాదు, పసుపుపచ్చనిదని తాతగారి చెల్లెలు వాదించేది. ఇద్దరూ ఆయన బిడ్డలే, ఇద్దరూ ఆ తలపాగాను కళ్ళారా చూసినవారే. ఉగాదికి అందరమూ కలుసుకొన్నప్పుడల్లా ఈ తగవు వచ్చేది. చిత్రాన్నే అడుగుదామంటే, దానికి నలుపు, తెలుపు తప్ప వేరొకటి తెలియదు.

కిందటి నెలలో ఆ తగవు నాకు మళ్ళీ జ్ఞాపకం వచ్చింది. మన బడిలో తెలుగు చదువుకొన్న ఒక అమ్మాయి ఇప్పుడు ఐర్లండు దేశపు రాజధాని డబ్లిన్‌లో, డాక్‌ల్యాండ్స్ అనే రేవు ప్రాంతంలో ఉద్యోగం చేస్తున్నది. ఆమె అక్కడినుండి నా ఫోనుకు ఒక చిత్రం పంపింది. లిఫీ నది, దానిమీద తీగలు బిగించిన వాద్యంలా నిలిచిన తెల్లని వంతెన, ఒడ్డున నారింజ రంగు పూసిన పెద్ద ఇనుప గంట. పేరుకు గంటే గాని, చూడటానికి అది గొట్టం తగిలించిన పెట్టెలా ఉంటుంది. పూర్వం రేవు గోడలు కట్టే పనివారు దానిలో కూర్చుని నది అడుగుకు దిగేవారు. ఆ నారింజ రంగు ఎంత స్పష్టంగా ఉన్నదంటే, ముత్తాతగారి కాలంలో ఇటువంటి చిత్రం తీయగలిగి ఉంటే మా ఇంట్లో తగవే ఉండేది కాదు కదా అనిపించింది.

ఆ రేవునుండి పదిహేను నిమిషాలు నడిస్తే ట్రినిటీ కళాశాల వస్తుంది. రంగుల ఛాయాచిత్రానికి దారి చూపిన పండితుడొకరు తన జీవితంలో ఎక్కువ భాగం అక్కడే గడిపారు. ఆయన పేరు జాన్ జోలీ. ఆయన కథే మీకు చెప్పబోతున్నాను.

జోలీ 1857 నవంబరు 1న, ఐర్లండు నడుమనున్న ఆఫలీ ప్రాంతంలో జన్మించారు. తండ్రి క్రైస్తవ మతగురువు. బిడ్డ ఉయ్యాలలో ఉండగానే ఆ తండ్రి కన్నుమూశారు. తరువాత కుటుంబం డబ్లిన్ చేరింది. 1876లో జోలీ ట్రినిటీ కళాశాలలో ప్రవేశించి, 1882లో ఇంజనీరింగు పట్టా పొందారు. చదువు ముగిసినా ఆయన ఆ కళాశాలను విడువలేదు. ముందు బోధకులకు సహాయకుడిగా, 1897 నుండి భూగర్భశాస్త్ర ఆచార్యుడిగా, మరణించే వరకు అక్కడే ఉన్నారు. వివాహం చేసుకోలేదు. చేతితో పరికరాలు తయారుచేయడం ఆయనకు మహా ఇష్టం. వేడిని కొలవడానికి, వెలుగును కొలవడానికి, రాళ్ళు ఏ వేడికి కరుగుతాయో తెలుసుకోవడానికి ఆయన కొత్త సాధనాలు నిర్మించారు.

ఇక ఛాయాచిత్రం సంగతి. ఫ్రాన్సు దేశంలో దగేర్ తన పద్ధతిని లోకానికి వెల్లడించినది 1839లో. వెండి కలిసిన కొన్ని రసాయనాలు వెలుగు తగిలితే నల్లబడతాయి. ఛాయాచిత్రానికి అదే మూలం. అయితే ఆనాటి ఫలకాలకు ఒక పెద్ద లోపం ఉండేది. నీలిరంగు వెలుగుకు మాత్రమే అవి బాగా స్పందించేవి. పసుపు, ఎరుపు వాటికి దాదాపు చీకటితో సమానం. అందువల్ల నీలాకాశం తెల్లగా, మందారపువ్వు నల్లగా పడేవి. మా తాతగారి తగవు ఎందుకు తీరలేదో ఇప్పుడు మీకు తెలిసిందా? ఎర్ర తలపాగా అయినా, పసుపు తలపాగా అయినా ఆ చిత్రంలో నల్లగానే పడుతుంది.

రంగు కావాలన్నవారు కుంచెతో చిత్రం మీద రంగు పూయించుకొనేవారు. ఆ రంగు చిత్రకారుడి ఊహేగాని వెలుగు తెచ్చినది కాదు. 1861లో మాక్స్‌వెల్ అనే శాస్త్రవేత్త లండనులో ఒక విశేషం చూపారు. ఒకే రిబ్బనును ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల మాధ్యమాల గుండా మూడుసార్లు చిత్రించి, ఆ మూడు చిత్రాలను మూడు దీపాలతో తెరమీద ఒకదానిపై ఒకటి పడేటట్లు చేస్తే, రిబ్బను తన రంగులతో కనిపించింది. మూల సూత్రం దొరికింది. కాని మూడు ఫలకాలు, మూడు దీపాలు ఎవరు మోయగలరు?

జోలీ కోరినది ఒకే ఫలకం మీద అన్ని రంగులు. అందుకు ఆయన చేసిన పని వింటే మీకు నేతగాని మగ్గం జ్ఞాపకం రావాలి. నేతగాడు పడుగులో రంగురంగుల దారాలను వరుసగా పేర్చినట్లు, జోలీ ఒక గాజుపలక మీద మూడు రంగుల సిరాలతో పక్కపక్కన సన్నని గీతలు గీయించారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మళ్ళీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఒక్కొక్క గీత మిల్లీమీటరులో పదోవంతు కంటే సన్ననిది. ఈ గీతల గాజును ఛాయాచిత్ర ఫలకానికి ఆనించి చిత్రం తీశారు. ఎర్రని పువ్వునుండి వచ్చే వెలుగు ఎర్రగీతల గుండా మాత్రమే దూరి, వాటి వెనుకనున్న రసాయనాన్ని తాకుతుంది. ఆకుపచ్చ, నీలి గీతలు దానిని అడ్డుకొంటాయి. తరువాత ఆ ఫలకానికి మరొక గాజుమీద ప్రతి తీస్తే, ఎర్రగీతలున్న చోట తేటగా, తక్కిన చోట నల్లగా ఉంటుంది. ఆ ప్రతికి మళ్ళీ గీతల గాజును సరిగ్గా జతచేసి వెలుగుకు ఎదురుగా పట్టుకొంటే, పువ్వు ఉన్నచోట ఎర్రగీతలే వెలుగుతాయి. దూరంనుండి చూసే కంటికి గీతలు కనిపించవు. పువ్వే కనిపిస్తుంది. పసుపు ఎలా వస్తుందని అడుగుతారు మీలో తెలివైనవారు. ఎర్ర వెలుగు, ఆకుపచ్చ వెలుగు కలిస్తే కంటికి పసుపు తోస్తుంది. మీ రంగుల పెట్టెలో ఆ రెండింటిని కలిపి చూడకండి, బురద రంగు వస్తుంది. అది వెలుగుకే సాధ్యం.

గీతల గాజు వెంట్రుక వాసి పక్కకు జరిగినా ఎరుపు ఆకుపచ్చగా మారిపోతుంది. అంత జాగ్రత్త అవసరం. ఇంత శ్రమపడి జోలీ 1894లో ఈ పద్ధతికి హక్కుపత్రం పొందారు. ఆ దశాబ్దంలోనే మన తెలుగు నేలమీద, హైదరాబాదులో, లాలా దీన్‌దయాళ్ ఆరవ నిజాము కొలువులో మహళ్ళను, దర్బారులను నలుపు తెలుపులలో ఎంతో అందంగా చిత్రిస్తున్నారు. ఆ దర్బారు పట్టువస్త్రాల రంగులూ మనకు దక్కలేదు.

1895లో జోలీ ఫలకాలు అంగడికి వచ్చాయి. కాని నిలువలేదు. కారణాలు దాచవలసిన పనిలేదు. వెల ఎక్కువ. గీతలు వెలుగులో చాలా భాగాన్ని మింగివేయడంవల్ల చిత్రం తీయడానికి ఎక్కువసేపు పట్టేది. కదలని వస్తువులే అందుకు తగినవి. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఆనాటి ఫలకాలు అన్ని రంగులకూ సమానంగా స్పందించకపోవడం. ఫలకాల చూపు కొంత మెరుగుపడినా ఎరుపు విషయంలో మందంగానే ఉండేది. జోలీ ఆలోచన సరైనదే, దానికి కావలసిన పనిముట్టు ఇంకా పుట్టలేదు. అమెరికాలో జేమ్స్ మెక్‌డొనా అనే ఆయన కూడా ఇదే దారిలో నడిచి ఇంచుమించు ఇక్కడే ఆగిపోయారు. 1907లో ఫ్రాన్సులోని లూమియేర్ సోదరులు గీతలకు బదులు రంగు అద్దిన బంగాళాదుంప పిండి రేణువులను గాజుమీద పరిచి, ఆటోక్రోమ్ అనే ఫలకాన్ని అమ్మకానికి పెట్టారు. లోకం దానినే ఆదరించింది. జోలీ పేరు వెనుకబడింది.

మరొకరైతే కుంగిపోయేవారేమో. జోలీ తక్కిన పనులలో మునిగిపోయారు. నీరు ఎత్తైన చెట్టు కొమ్మ చివరకు ఎలా ఎక్కుతుందో మిత్రుడు డిక్సన్‌తో కలిసి ఆ రోజులలోనే వివరించారు. ఆకులనుండి నీరు ఆవిరి అవుతుంటే, కింది నీరు తెగని దారంలా పైకి లాగబడుతుందని వారి సిద్ధాంతం. నేటికీ పాఠ్యపుస్తకాలలో చెప్పేది అదే. 1899లో సముద్రంలోని ఉప్పును లెక్కగట్టి భూమి వయస్సు సుమారు 8 నుండి 9 కోట్ల సంవత్సరాలన్నారు. అది తప్పు. భూమి వయస్సు 450 కోట్ల సంవత్సరాలకు పైమాటే. నదులు తెచ్చిన ఉప్పంతా సముద్రంలోనే నిలిచి ఉండదు, కొంత బయటికి పోతుంది. అయినా ఉప్పునీటిలో కాలాన్ని వెదకాలని తోచడమే నాకు అబ్బురంగా ఉంటుంది. 1914లో డబ్లిన్‌లో రేడియం చికిత్సకు ఒక సంస్థ నెలకొనడానికి ఆయన ముఖ్య కారకులు. వైద్యుడు స్టీవెన్సన్‌తో కలిసి, రేడియంనుండి వెలువడే వాయువును సన్నని గాజు గొట్టాలలో నింపి, బోలు సూదులలో అమర్చి, పుట్టకురుపు ఉన్న చోటికే చేర్చే పద్ధతి రూపొందించారు. దానికి డబ్లిన్ పద్ధతి అని పేరు వచ్చింది. సముద్రమన్నా, పడవ ప్రయాణమన్నా ఆయనకు ప్రీతి. ఐర్లండు తీరంలోని దీపస్తంభాల నిర్వహణ సంఘంలోనూ సభ్యులుగా ఉన్నారు.

1933 డిసెంబరు 8న జోలీ డబ్లిన్‌లో మరణించారు. అంగారక గ్రహం మీద ఒక పెద్ద గుంటకు ఆయన పేరు పెట్టారు. ఆయన గీతల ఫలకాలు కొన్ని డబ్లిన్‌లోని ఐర్లండు జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. వాటిలో పువ్వులు ఇంకా పువ్వుల రంగులోనే ఉన్నాయి.

ఆయన కాలంలో ఆ రేవు బొగ్గు ఓడలతో, గ్యాసు కర్మాగారంతో, పొగతో నిండి ఉండేది. ఇప్పుడు అక్కడ గూగుల్ వంటి కంప్యూటరు సంస్థల కార్యాలయాలున్నాయి. మన శిష్యురాలు పనిచేసేది అటువంటి భవనంలోనే. అక్కడి ప్రతి తెరమీదా చిత్రాలు ఎలా కనిపిస్తాయో తెలుసుకోవాలంటే, ఇంట్లో పెద్దల అనుమతి అడిగి ఒక పని చేయండి. వెలుగుతున్న ఫోను తెరమీద, తెల్లగా ఉన్నచోట, వేలికొనతో ఆవగింజంత నీటిచుక్క పెట్టండి. చుక్కలోకి వంగి చూడండి. అక్కడ తెలుపు ఉండదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం పక్కపక్కన నిలిచి ఉంటాయి. చూసిన తరువాత తెరను పొడిగుడ్డతో తుడవడం మరువకండి.