పగడపు దీవిని చూడకముందే దాని గుట్టు విప్పిన ఫ్రెషర్

డార్విన్ అనగానే మీకు తెల్లగడ్డం పెద్దాయనే గుర్తొస్తాడు కదా! కాసేపు ఆ గడ్డం పక్కన పెట్టండి. 1831లో అతని వయసు 22. చేతిలో కేంబ్రిడ్జ్ డిగ్రీ ఉంది, ఉద్యోగం లేదు. అంతకుముందే ఎడిన్‌బరోలో మెడిసిన్ మధ్యలో మానేశాడు. మత్తుమందు లేని ఆ రోజుల్లో ఆపరేషన్లు చూసి తట్టుకోలేకపోయాడు. డాక్టరైన తండ్రి, కనీసం చర్చిలో మతాధికారిగానైనా స్థిరపడతాడని కేంబ్రిడ్జ్‌లో చేర్పించాడు.

మూడో ఛాయిస్

ఆ ఆగస్టులో ప్రొఫెసర్ హెన్‌స్లో నుంచి ఉత్తరం వచ్చింది. దక్షిణ అమెరికా తీరాన్ని సర్వే చేయబోయే బీగిల్ ఓడలో ప్రకృతి శాస్త్రం తెలిసిన ఒకరికి చోటుందని. జీతం లేదు, ఖర్చు మనదే. పైగా ఆ ఆఫర్ ముందు డార్విన్‌కి వచ్చింది కాదు. హెన్‌స్లో తనే వెళ్దామనుకుని మానుకున్నాడు, తర్వాత జెనిన్స్ అనే ఆయన కాదన్నాడు. మూడో పేరు మనవాడిది.

తండ్రి వద్దన్నాడు. డార్విన్ రాలేనని జవాబు కూడా రాసేశాడు. అప్పుడు ఆదుకున్నది మేనమామ జోసయా వెడ్జ్‌వుడ్. తండ్రి చెప్పిన ఎనిమిది అభ్యంతరాలను డార్విన్ కాగితం మీద పెడితే, మేనమామ ఒక్కోదానికీ జవాబు రాసి పంపాడు. తండ్రి మెత్తబడ్డాడు. డిసెంబరు 27న ఓడ కదిలింది. రెండేళ్లనుకున్న ప్రయాణం దాదాపు ఐదేళ్లు సాగింది. ఓడెక్కితే వచ్చే వికారం మాత్రం చివరిదాకా వదల్లేదు.

ముందు ఆలోచన, తర్వాత పరీక్ష

అప్పట్లో నావికులకూ శాస్త్రవేత్తలకూ ఒక పెద్ద చిక్కుముడి ఉండేది. దిబ్బలు కట్టే పగడాలు చిన్న జీవులు. వెలుతురు అందే లోతు తక్కువ నీళ్లలోనే పెరుగుతాయి. మరి నడిసముద్రంలో, అడుగు అందని చోట, ఉంగరంలాంటి పగడపు దీవులు ఎలా నిలబడ్డాయి? మునిగిన అగ్నిపర్వతాల నోళ్ల అంచుల మీద పెరిగాయన్నాడు భూగర్భ శాస్త్రంలో పెద్ద పేరున్న లయల్. అన్ని అగ్నిపర్వతాలూ సరిగ్గా నీటిమట్టం దగ్గరే ఎలా ఆగాయన్నది డార్విన్ సందేహం.

1835 ఫిబ్రవరిలో చిలీలో భూకంపం వచ్చింది. తీరం కొన్ని అడుగులు పైకి లేచిన ఆనవాళ్లను అతను కళ్లారా చూశాడు. ఇక్కడ నేల లేస్తోందంటే మరోచోట సముద్రపు అడుగు కుంగుతూ ఉండొచ్చు కదా అనుకున్నాడు. అగ్నిపర్వత దీవి మెల్లగా కుంగుతుంటే, చుట్టూ ఉన్న పగడం పైకి పెరుగుతూ ఉంటుంది. మొదట తీరానికి అంటుకుని ఉండేది ఫ్రింజింగ్ రీఫ్. మధ్యలో నీళ్లు చేరితే బారియర్ రీఫ్. దీవి పూర్తిగా మునిగి వలయం మాత్రమే మిగిలితే అటోల్. గ్రూప్స్‌కి ప్రిపేరయ్యేవాళ్లు బట్టీ పట్టే ఆ మూడు పేర్ల వెనక ఉన్న లాజిక్ ఇదే. అప్పటికి అతను అసలైన పగడపు దిబ్బ ఒక్కటీ చూడలేదు.

పరీక్షించి చూసే అవకాశం 1836 ఏప్రిల్‌లో హిందూ మహాసముద్రంలోని కీలింగ్ దీవుల దగ్గర దొరికింది. సీసపు గుండు అడుగున కొవ్వు పూసి తాడుతో నీళ్లలోకి దింపారు. లోతు తక్కువ చోట కొవ్వు మీద బతికున్న పగడం ముద్రలు పడ్డాయి. లోతు పెరిగేకొద్దీ ఇసుకే అంటుకుంది. ఒడ్డుకు 2,200 గజాల దూరంలో 7,200 అడుగుల తాడు వేసినా అడుగు తగల్లేదు.

1837లో లండన్ జియలాజికల్ సొసైటీలో పేపర్ చదివాడు. లయల్ తన సిద్ధాంతాన్ని పక్కన పెట్టి ఈ కుర్రాడి మాటకే ఓటేశాడు. 1842లో పుస్తకం వచ్చింది. తర్వాత కాదన్నవాళ్లూ ఉన్నారు. ఎవరైనా కోటీశ్వరుడు ఒక అటోల్‌ని లోతుగా తవ్విస్తే తేలిపోతుందని డార్విన్ ఆశపడ్డాడు, 1882లో కన్నుమూశాడు. 1952లో పసిఫిక్‌లోని ఎనివెటాక్ అటోల్‌లో అమెరికన్లు డ్రిల్ చేస్తే, దాదాపు 1,400 మీటర్ల పగడపు సున్నపురాయి కింద అగ్నిపర్వత శిల తగిలింది.

ఇప్పుడు మన వంతు

డార్విన్ లెక్కలో ఒక షరతుంది. నీటితో సమానంగా పగడం పెరుగుతూ ఉండాలి. ఆగిందా, దీవి లేదు. మన లక్షద్వీప్ జనం బతికేది ఆ అటోల్స్ మీదే. అలల దెబ్బ కాచేది, చేపలకు చోటిచ్చేది ఆ దిబ్బలే. 1998, 2010, 2016లో అక్కడి సముద్రం వేడెక్కి పగడాలు పాలిపోయాయి, చాలా చచ్చిపోయాయి.

కాపాడే పనులు జరుగుతున్నాయి. దిబ్బలు కట్టే పగడాలకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. మన్నార్ సింధుశాఖలో 1986 నుంచి మెరైన్ నేషనల్ పార్క్ ఉంది. పగడాలు పాలిపోయే ముప్పు ఎక్కడుందో ఉపగ్రహం కొలిచిన ఉష్ణోగ్రతలతో హెచ్చరించేది మన హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్. అంటే ఈ రంగం ఈతొచ్చిన బయాలజీ వాళ్లకే అనుకోకండి. రిమోట్ సెన్సింగ్, జీఐఎస్, డేటా అనాలిసిస్ చదివినవాళ్లకూ ఇందులో పనుంది. ఇన్‌కాయిస్ వెబ్‌సైట్‌లో నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి.

కోర్సు మధ్యలో మానేశాననో, మొదటి లిస్టులో పేరు లేదనో ఆగిపోకండి. డార్విన్‌కి ఆ రెండూ ఉన్నాయి. కానీ ఓడెక్కాక అతను ఊరికే కూర్చోలేదు. కనిపించినదాన్ని రాసుకున్నాడు, ఊహను కొలతతో సరిచూసుకున్నాడు. మీకు దొరికే మొదటి పని చిన్నదైనా సరే, ఆ అలవాటు అక్కడే మొదలుపెట్టండి.