ఆధారాలతో జవాబిచ్చిన అక్క: భండారు అచ్చమాంబ



తొమ్మిది, పది తరగతుల ప్రశ్నపత్రాల్లో అసర్షన్-రీజన్ ప్రశ్నలను మీరు చూసే ఉంటారు. ముందు ఒక మాట ఇస్తారు, దాని కింద ఒక కారణం ఇస్తారు. రెండూ నిజమేనా, నిజమే అయితే ఆ కారణం ఆ మాటకు సరిపోతుందా అని అడుగుతారు. రెండూ నిజమని తేలగానే పిల్లలు టిక్కు పెట్టేసి ముందుకు వెళ్లిపోతుంటారు. మార్కు పోయేది అక్కడే. వార్తాపత్రికలో వ్యాసం చదివినా, వాట్సాప్‌లో వచ్చిన సందేశం చదివినా ఇదే నేర్పు కావాలి. చెప్పిన మాట ఏమిటి, చూపిన కారణం ఏమిటి, ఇచ్చిన ఆధారం ఎంత గట్టిది అని విడదీసి చూడగలగాలి.

ఈ నేర్పును ఏ బడిలోనూ చదవకుండానే సంపాదించి, తన కాలంలో అందరూ నమ్మిన ఒక వాదనకు పుస్తకంతో జవాబిచ్చిన మన ప్రాంతపు ఆడపడుచు భండారు అచ్చమాంబ. ఈ నెల మీ పిల్లలతో కలిసి ఆమె జీవితం చదవండి.

పెనుగంచిప్రోలు నుంచి నాగపూర్ వైపు

విజయవాడ నుంచి హైదరాబాద్ రోడ్డు మీద నందిగామ దాటి పక్కకు తిరిగితే మున్నేటి ఒడ్డున పెనుగంచిప్రోలు వస్తుంది. తిరుపతమ్మ తల్లి గుడి ఉన్న ఊరుగా మనందరికీ తెలుసు. అచ్చమాంబ 1874లో అక్కడే కొమర్రాజు వారింట పుట్టారు. తండ్రి వెంకటప్పయ్య, తల్లి గంగమ్మ. 1877లో పుట్టిన తమ్ముడు లక్ష్మణరావు. పిల్లలు చిన్నగా ఉండగానే తండ్రి పోయారు. చిన్న వయసులోనే అచ్చమాంబకు భండారు మాధవరావుతో పెళ్లయింది. ఆయన సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఇంజినీరు. కొన్నాళ్లకు తల్లి, తమ్ముడు కూడా ఆమె దగ్గరికే చేరారు.

తమ్ముడిని చదివించారు. ఆడపిల్లను బడికి పంపాలన్న ఆలోచన ఆ రోజుల్లో చాలా ఇళ్లలో లేదు. 1901 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వెయ్యిమంది ఆడవాళ్లను తీసుకుంటే చదవడం, రాయడం వచ్చినవారు పదిమంది కూడా లేరు. అచ్చమాంబ మాత్రం తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తెలుగు, హిందీ నేర్చుకున్నారు. ఆ తర్వాత మరాఠీ, గుజరాతీ, బెంగాలీ నేర్చుకున్నారు, కొంత సంస్కృతం కూడా పట్టుబడింది. ఇన్ని భాషలు రావడం ఆమె చేయబోయే పనికి ఎంతగా ఉపయోగపడిందో ముందు ముందు చూద్దాం.

ఆమెకు పుట్టిన కొడుకు, కూతురు ఇద్దరూ చిన్నప్పుడే చనిపోయారు. అంత దుఃఖంలోనూ ఆమె చదువు మానలేదు, రాయడం మానలేదు. అనాథ పిల్లలను చేరదీసి, ఇంట్లో ఉంచుకుని చదివించారు.

ఆనాడు వినిపించిన వాదన

ఆ రోజుల్లో స్త్రీ విద్యను వ్యతిరేకించేవారు ముఖ్యంగా రెండు మాటలు చెప్పేవారు. ఆడవాళ్లకు పుట్టుకతోనే ధైర్యం, తెలివి, వివేకం తక్కువ అనేది ఒకటి. చదువు, స్వేచ్ఛ ఇస్తే ఆడవాళ్లు చెడిపోతారు అనేది రెండోది. చెప్పేవారు చదువుకున్నవారు, పెద్దమనుషులు. అందుకే వినేవారు ఆధారం అడిగేవారు కాదు.

మొదటి మాటను మీ పిల్లల చేత పరీక్షించమనండి. ఆడవాళ్లకు తెలివి తక్కువ అనడానికి చూపిన ఆధారం ఏమిటి? చుట్టూ ఉన్న ఆడవాళ్లకు చదువు రాకపోవడం. ఎందుకు రాలేదు? బడికి పంపలేదు కాబట్టి. ఎందుకు పంపలేదు? తెలివి తక్కువ కాబట్టి. గానుగెద్దు నడకలా మళ్లీ మొదలైన చోటికే వచ్చాం. ఇలాంటి వాదనలో ఏది నిరూపించాలో దాన్నే ఆధారంగా చూపిస్తారు. వినడానికి బాగుంటుంది కానీ లోపల ఏమీ ఉండదు.

రెండో మాట వేరే రకం. అది కార్యకారణ సంబంధం గురించిన మాట. చదువుకున్న ఒకామె ఇంట్లో గొడవలు వచ్చాయనుకుందాం. ఆమె చదువుకున్నది నిజం, గొడవలు వచ్చాయన్నదీ నిజం. కానీ చదువు వల్లే గొడవలు వచ్చాయనడానికి ఈ రెండు నిజాలూ చాలవు. చదువుకోని ఆడవాళ్ల ఇళ్లలో గొడవలు లేవా, చదువుకున్నవారి ఇళ్లు ఎన్ని చక్కగా సాగుతున్నాయి అని పోల్చి చూడాలి. అసర్షన్-రీజన్ ప్రశ్నలో పిల్లలు తడబడే మెట్టు సరిగ్గా ఇదే.

ఆమె కూర్చిన ఆధారాలు

ఇలాంటి మాటలు విన్నప్పుడు కోపం రావడం సహజం. అచ్చమాంబ కోపాన్ని పక్కన పెట్టి ఆధారాలు కూర్చారు. మన దేశంలో వెయ్యేళ్ల కాలంలో జీవించిన స్త్రీలలో ధైర్యసాహసాలు, పాండిత్యం, పరిపాలనా దక్షత చూపినవారి జీవితాలను సేకరించారు. నాగపూర్ ప్రాంతంలో ఉండడం వల్ల, మరాఠీ, హిందీ, గుజరాతీ, బెంగాలీ రావడం వల్ల తెలుగులో దొరకని చరిత్రలు ఆమెకు అందుబాటులోకి వచ్చాయి. అలా తయారైన పుస్తకమే అబలా సచ్చరిత్ర రత్నమాల. కందుకూరి వీరేశలింగం పంతులు గారి ప్రోత్సాహంతో మొదటి భాగం వెలుగు చూసింది.

ఆ పుస్తకంలో పిల్లలకు చూపించదగ్గ సంగతి ఒకటుంది. తాను ఎవరి మాటకు జవాబు చెబుతున్నారో దాన్ని ఆమె దాచలేదు. ఆడవాళ్లు తెలివితక్కువవారన్న మాటనూ, చదివితే చెడిపోతారన్న మాటనూ ముందుగానే పాఠకుల ముందు పెట్టి, వాటికి జవాబుగానే ఈ జీవితాలు రాస్తున్నానని చెప్పారు. అవతలివారి వాదనను ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆ తర్వాత జవాబివ్వడం మంచి వ్యాసానికి మొదటి లక్షణం. అవతలివారు అనని మాటను వారి నోట పెట్టి దాన్ని ఖండించడం తేలిక, కానీ దానివల్ల ఏదీ తేలదు.

ఇక తర్కం సంగతి. ఆడవాళ్లందరికీ తెలివి తక్కువ అన్న మాటను పడగొట్టడానికి తెలివైన ఒక్క స్త్రీని చూపిస్తే చాలు. అయితే వెంటనే, అదేదో వెయ్యిలో ఒకరు అనే జవాబు వస్తుంది. అందుకే ఆమె ఒక్కరితో ఆగలేదు. వేరు వేరు ప్రాంతాల నుంచి, వేరు వేరు కాలాల నుంచి ఒకరి తర్వాత ఒకరిని చూపించారు. చదువుకుని గౌరవంగా బతికినవారి జీవితాలు చూపించడంతో, చదువు వస్తే చెడిపోక తప్పదన్న మాట కూడా నిలవలేదు.

ఇలాంటి ఉదాహరణలు చెప్పలేనిది కూడా ఒకటుంది. దేశంలో ఎంతమంది స్త్రీలు అలాంటివారో వాటిని బట్టి లెక్క కట్టలేం. ఉదాహరణలతో ఒక మాట అబద్ధమని చూపించవచ్చు, లెక్క తేల్చాలంటే మాత్రం లెక్కలే కావాలి. ఈ తేడా పిల్లలకు తెలియాలి.

ఏ ఆధారానికి ఎంత బరువు

అచ్చమాంబ రాసిన జీవితాల్లో ఖనా ఒకరు. జ్యోతిషంలో మామగారైన వరాహమిహిరుణ్ణే మించిన పండితురాలని బెంగాల్‌లో చెప్పుకుంటారు. వానల గురించి, పంటల గురించి ఆమె పేరుతో సామెతలు అక్కడి పల్లెల్లో ఇప్పటికీ ఉన్నాయి. కానీ వరాహమిహిరుడు 6వ శతాబ్దం వాడు, ఆ సామెతల్లోని బెంగాలీ అంతకు చాలా కాలం తర్వాతిది. అంటే ఖనా కథకు ఆధారం జనం నోట నిలిచిన మాటే.

దీనికి పక్కన మన రుద్రమదేవిని పెట్టి చూడండి. ఆమె గణపతిదేవుడి కూతురని శాసనాల వల్ల తెలుస్తోంది. మార్కో పోలో మాత్రం ఆమెను చనిపోయిన రాజు భార్యగా రాశాడు. అతను పేరున్న యాత్రికుడే కావచ్చు, కానీ బంధుత్వం విషయంలో ఆ కాలపు కాకతీయ శాసనాలే ఎక్కువ నమ్మదగినవి. ఖనా కథను పిల్లలకు చెప్పవద్దని కాదు. ఏది రాతిమీద ఉన్న ఆధారం, ఏది నోటిమాట అని గుర్తించి చెబితే రెండింటికీ వాటి వాటి విలువ దక్కుతుంది.

పుస్తకం దగ్గర ఆగలేదు

1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి అచ్చమాంబ బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించారు. ఆ తర్వాత ఊరూరా తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించారు. రత్నమాల తర్వాతి భాగాల్లో పురాణ స్త్రీల గురించి, విదేశీ స్త్రీల గురించి రాయాలని అనుకున్నారు. ఆ పని పూర్తికాకుండానే 1905 జనవరి 18న, 30 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

అక్క దగ్గర పెరిగిన లక్ష్మణరావు తర్వాత పేరున్న చరిత్ర పరిశోధకులయ్యారు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని మొదలుపెట్టి తెలుగులో చరిత్ర, శాస్త్ర గ్రంథాలు వెలువరించారు. తెలుగులో విజ్ఞాన సర్వస్వం తేవడానికి నడుం కట్టి, 1923లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు.

మొదటి కథ ఎవరిది?

తెలుగులో మొదటి కథ ఏది అంటే 1910లో వచ్చిన గురజాడ వారి దిద్దుబాటు అని మనలో చాలామంది చదువుకున్నాం. కానీ అచ్చమాంబ రాసిన ధనత్రయోదశి 1902లోనే హిందూసుందరి పత్రికలో వచ్చింది. పేదరికంలో ఉండి కూడా అన్యాయపు సొమ్ము వద్దని భర్తను దారిలో పెట్టిన ఇల్లాలి కథ అది. తేదీలు చూస్తే ధనత్రయోదశి ముందుది. అంతకన్నా ముందువి ఉన్నాయని చూపేవారూ ఉన్నారు. ఆధునిక కథ లక్షణాలు పూర్తిగా ఉన్నది దిద్దుబాటే అనేవారూ ఉన్నారు. అంటే ఈ చర్చలో సగం తేదీల గురించి, సగం కథ అన్న మాటకు అర్థం గురించి. మొదటిది, గొప్పది, నంబర్ వన్ అన్న మాటలు ఎక్కడ కనిపించినా ముందు ఆ మాటకు అర్థం తేల్చుకోవాలి. కొత్త ఆధారం దొరికితే పాఠ్యపుస్తకంలోని మాట కూడా మారవచ్చు.

ఇంట్లో అడగదగ్గ నాలుగు ప్రశ్నలు

ఈ నెల వారానికి ఒకసారి, భోజనాల దగ్గర ఒక చిన్న వ్యాసమో, ప్రకటనో, వాట్సాప్ సందేశమో తీసుకుని మీ పాపనో బాబునో ఈ నాలుగూ అడగండి.

1. రాసినవారు మనల్ని నమ్మమంటున్న మాట ఏమిటి? ఒక్క వాక్యంలో చెప్పు.
2. దానికి చూపిన ఆధారం ఏమిటి? అది లెక్కా, ఉదాహరణా, నోటిమాటా?
3. ఆ ఆధారం నిజమే అనుకున్నా, ఆ మాట దాని నుంచి వస్తుందా?
4. అవతలి పక్షం వారు ఏమంటారు? దానికి ఇందులో జవాబు ఉందా?

ర్యాంకుల ప్రకటనలతో మొదలుపెట్టినా మంచిదే. ఇంతమందికి ర్యాంకులు అని ఉంటే, పరీక్ష రాసింది మొత్తం ఎంతమంది అని పిల్లలు అడగాలి. అది మా ప్రకటన అయినా అడగాలి.

ఆడపిల్లలకు లెక్కలు రావు, ఈ గ్రూప్ అమ్మాయిలకు కాదు అనే మాటలు ఇంటికొచ్చే చుట్టాల నోట ఇప్పటికీ వినిపిస్తాయి. అలాంటప్పుడు మీ పాప మౌనంగా తల దించుకోకుండా, ఏ ఆధారంతో అంటున్నారని మర్యాదగా అడగగలిగితే సంతోషించండి. పెద్దవాళ్లకు ఎదురు చెప్పిందని కోప్పడకండి. నూట పాతికేళ్ల కిందట అచ్చమాంబ చేసింది కూడా అదే.