మూడు రంగులు, ఉస్తాద్ మన్సూర్

ఢిల్లీలోని ద్వారకలో గ్రే లైన్ మెట్రో ఎక్కితే కొద్ది నిమిషాల్లో నజఫ్‌గఢ్ వస్తుంది. అక్కడి నుంచి హరియాణా సరిహద్దు వైపు వెళితే చిత్తడి నేలలు కనిపిస్తాయి. సారస్ కొంగలు, చలికాలపు వలస పక్షులు వాలే చోటు అది. నల్ల పెన్సిలు, నాలుగైదు రంగు పెన్సిళ్లు పట్టుకుని గట్టు మీద కూర్చుంటే, పక్షిని గీయడం ఎంత కష్టమో వెంటనే తెలిసిపోతుంది. మెడ వంపు కాగితం మీదికి వచ్చేలోపే అది కదిలిపోతుంది. పెట్టెలో ఇంకో పది రంగులున్నా ఆ కష్టం తీరదు.

నాలుగు వందల ఏళ్ల కిందట ఈ పనిలో ఆరితేరిన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్. ఆయన ఎక్కడ పుట్టారో, ఎప్పుడు పుట్టారో ఆస్థాన చరిత్రకారులు రాసిపెట్టలేదు. అక్బర్ చిత్రశాలలో ఒకరు గీతలు గీస్తే మరొకరు రంగులు అద్దేవారు. మన్సూర్ పేరు మొదట కనిపించేది ఆ ఉమ్మడి పనిలోనే. బాబర్ ఆత్మకథకు 1590ల నాటికి తయారైన బొమ్మల్లో ఆయన చెయ్యి ఉంది. హిందుస్థాన్ జంతువుల గురించి బాబర్ వివరంగా రాసిన పుస్తకమది.

1605లో జహంగీర్ గద్దెనెక్కాక మన్సూర్ దశ తిరిగింది. కొత్త జంతువు కనిపిస్తే కొలిపించి, తూకం వేయించి, దాని అలవాట్లు రాసుకునే చక్రవర్తి ఆయన. లైలా, మజ్ను అని పేర్లు పెట్టిన సారస్ జంట గుడ్లు పొదగడాన్ని కూడా దగ్గరుండి గమనించారు. 1612లో ముకర్రబ్ ఖాన్ గోవా నుంచి టర్కీ కోడితో పాటు కొన్ని వింత జీవులను తెచ్చారు. ముత్తాత బాబర్ జంతువుల గురించి రాశారే గానీ బొమ్మలు వేయించలేదని, తాను మాత్రం వేయిస్తానని జహంగీర్ అప్పుడే నిర్ణయించుకున్నారు. ఆ టర్కీ కోడిని మన్సూర్ గీశారు. ఇప్పుడది లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

దాదాపు అదే కాలంలో గీసిన ఊసరవెల్లి బ్రిటన్ రాజకుటుంబ సేకరణలో ఉంది. అందులో ప్రధానంగా ఉన్నవి సిరా గీతలు, ఒంటి మీద ఆకుపచ్చ రంగు, అంతే. చర్మం గరుకుతనమంతా సన్నని చుక్కల్లోనే పలుకుతుంది. ఆ కాలం కుంచెలకు ఉడుత వెంట్రుకలు వాడేవారు. ముందు పలచగా గీత గీసి, దాని మీద తెల్లటి పూత వేసి, మళ్లీ గీత సరిదిద్దుకున్నాకే రంగులు పొరలు పొరలుగా వేసేవారు. రంగు సంగతి ఆఖరున. అంతకుముందే చూపు పని పూర్తయి ఉండాలి.

జహంగీర్ ఆయనకు ‘నాదిర్ ఉల్ అస్ర్’ అనే బిరుదు ఇచ్చారు. ఆ కాలానికే అరుదైనవాడు అని దాని అర్థం. 1620లో చక్రవర్తితో కశ్మీర్ వెళ్లిన మన్సూర్ అక్కడ వందకు పైగా పూలను చిత్రించారు. 1621లో అబిసీనియా నుంచి జీబ్రా వచ్చింది. ఆ చారలు ఎవరో వేసిన రంగేమోనని ఆస్థానంలో అనుమానపడ్డారు. పరీక్షించి, అవి పుట్టుకతో వచ్చినవేనని తేల్చుకున్నారు. దాన్ని మన్సూర్ గీస్తే, ఆ బొమ్మ ఆయనదేనని జహంగీర్ స్వయంగా రాసిపెట్టారు.

కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియంలో మన్సూర్ గీసిన సైబీరియా కొంగ ఉంది. తెల్లటి ఒళ్లు, రెక్కల చివర నలుపు, ముఖానికీ కాళ్లకూ ఎరుపు. మూడు రంగులతో తేలిపోయే పక్షి. యూరప్ శాస్త్రవేత్తలు ఈ జాతికి 1773లో శాస్త్రీయ నామం పెట్టారు. అంతకు సుమారు నూట యాభై ఏళ్ల ముందే మన్సూర్ దాన్ని గుర్తుపట్టేలా కాగితం మీద నిలిపారు. రష్యాలో ఉన్న డోడో బొమ్మ కూడా ఆయనదేనని పండితులు భావిస్తారు. సంతకం లేకపోయినా, ఆ పక్షి రూపానికి నమ్మదగ్గ ఆధారాల్లో ఒకటిగా జంతు శాస్త్రవేత్తలు దాన్ని చూస్తారు. ఆ శతాబ్దం గడిచేలోపే డోడో అంతరించిపోయింది.

1627లో జహంగీర్ మరణించారు. ఆ తర్వాత మన్సూర్ గురించి రికార్డుల్లో ఏమీ వినిపించదు. ఆయన గీసిన ఆ తెల్ల కొంగలు భరత్‌పూర్‌కు ఏటా వచ్చేవి. 2001-02 చలికాలం తర్వాత అక్కడికి రావడం మానేశాయి. ఎదుట ఉన్నదాన్ని ఉన్నట్టు గీస్తే ఎవరికి ఉపయోగమని అడిగేవారికి ఆ బొమ్మ చూపిస్తే చాలు. నజఫ్‌గఢ్ గట్టు మీద సారస్ జంట ఇంకా కనిపిస్తోంది. గీయాలనుకునేవారికి బూడిద రంగు, ఎరుపు, నల్ల పెన్సిలు సరిపోతాయి.